రోగానికి పేరే కాదు, మతలబ్ కూడా చెప్పాలి

చందూర్ రైతుకు పశువుల బీమారీ పేరు వింటే చాలు, అలామత్ (లక్షణం) తెలిసిపోతుంది. గొంతు వాచి గురక పెడితే గురకవ్యాధి, జబ్బ వాస్తే జబ్బవాపు. మనుషుల జబ్బులకూ మన జబాన్‌లో పేర్లున్నాయి: బుఖార్ అంటే జ్వరం, యర్ఖాన్ అంటే కామెర్లు, దమా అంటే ఉబ్బసం, మిర్గీ అంటే మూర్ఛ, హైజా అంటే కలరా. ఫాలిజ్ అంటే పక్షవాతం. లఖ్వా అసలు మూతి వంకరపోయే జబ్బు, కానీ జనం రెంటినీ లఖ్వా అనే అంటారు.

అయితే పేరు తెలిస్తే సరిపోదు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన బోధన్ షక్కర్‌నగర్ పక్కనే ఉన్న మనకు ‘షుగర్’ కొత్త మాటా? అయినా చాయ్‌లో చక్కెర మానేసి, పళ్లెం నిండా అన్నం తినేవాళ్లు ఎందరో! దొమ్మరోగం పేరు తెలిసినా, ఆ రోగంతో చచ్చిన పశువును కోస్తే మనిషికీ సోకుతుందని తెలియకపోతే జాన్‌కే ఖత్రా.

అందుకే దవాఖానా చీటీ మీద రోగం పేరు తెలుగులో, ఉర్దూలో రాయాలి. పక్కనే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఒక్క వాక్యం ఉండాలి. తన మర్జ్ ఏమిటో తెలుసుకోవడం మరీజ్ హక్కు.