వాటా అట, వాటా!

కట్నం మాటెత్తితే మన ఐటీ వాళ్ళ దగ్గర రెండు జవాబులు రెడీగా ఉంటాయి. "తాతల నాటి ఆచారం కదండీ" అనేది ఒకటి. "కట్నం కాదు, ఆ అమ్మాయి వాటా ఆమెకి ఇస్తున్నారు" అనేది రెండోది. నాకైతే రెండూ తప్పే.

ముందు తాతల సంగతి. చాలా కులాల్లో ఒకప్పుడు నడిచింది ఓలి. అంటే మగపెళ్ళివారే ఎదురిచ్చేవారు. నాట్లు వేసి, కలుపు తీసే మనిషి ఇల్లు మారుతోంది కాబట్టి పుట్టింటికి నష్టం అని లెక్క. బ్రాహ్మణ ఇళ్ళలో అదే కన్యాశుల్కమై ఘోరంగా తయారైంది. గురజాడ తన నాటకం ముందుమాటలో లెక్కలు కూడా ఇచ్చారు (డేటా లేకుండా మాట్లాడలేదు మహానుభావుడు!). విశాఖ జిల్లాలో మూడేళ్ళలో నమోదైన అలాంటి పెళ్ళిళ్ళు 1,034. వాటిలో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. ఏడాది పసిపిల్లలు ముగ్గురు.

అది 1897 నాటి మాట. ఒక తరం తిరిగేసరికి కాళ్ళకూరి నారాయణరావు గారు 'వరవిక్రయం' రాయాల్సి వచ్చింది. ఈసారి సంతలో ఉన్నది పెళ్ళికొడుకు. మధ్యలో శాస్త్రాలేమీ మారలేదే! వచ్చినవల్లా ఇంగ్లీషు చదువు, నెల జీతం. అవీ మగవాడికే వచ్చాయి. ఆడమనిషి పని వంటింట్లోకి చేరి లెక్కలోంచే మాయమైంది. కాబట్టి కట్నానికి తాత వేదం కాదు, డిగ్రీ.

చదువు పెరిగితే కట్నం దానంతటదే పోతుందని ఇప్పటికీ అంటుంటారు. తార్నాక చౌరస్తా దగ్గర్లోనే ఉన్న ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకుంటున్న అమ్మాయిలు ఆ మాట నమ్మి ఊరుకోలేదు. 1974లో ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ పెట్టుకుని, 1975లో కట్నానికి వ్యతిరేకంగా హైదరాబాద్ వీధుల్లో ఊరేగింపులు తీశారు. 1961 నుంచే చట్టం ఉంది మరి, కాగితం మీద. ఆ జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చిపడి ఆ ఉద్యమం అక్కడికి ఆగిపోయింది.

ఇక వాటా. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. కట్నం పోగొట్టడం కూడా తన ఉద్దేశమని ఆ చట్టమే చెప్పుకుంది. కానీ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి వర్తించదని ఓ మెలిక! తాళి పడితే పరాయిదే అన్నమాట. 2005 కేంద్ర సవరణతో గానీ ఆ మెలిక పోలేదు.

సరే, వాటాయే అనుకుందాం. అన్నకి రావాల్సిన వాటా అతని జీతాన్ని బట్టి మారదు కదా? మరి చెల్లెలి "వాటా" బావగారి జీతాన్ని బట్టి ఎందుకు మారుతుంది? బెంగుళూరు సంబంధానికి ఒక లెక్క, హెచ్‌వన్‌బీ సంబంధానికి ఇంకో లెక్క. ఆ అమ్మాయి మన పక్క క్యూబికల్లోనే కూర్చుని మనంత జీతమూ తెస్తోంది. అయినా పైసా తగ్గదు.

ఇంకో తమాషా ఉంది. నాన్న పోయాక పొలం పంపకాలప్పుడు అన్నదమ్ములు ఆమె ముందు హక్కు విడుదల పత్రం పెడతారు. "కట్నం ఇచ్చాంగా, సంతకం పెట్టమ్మా" అంటారు. ఆ కట్నమేమో అప్పుడెప్పుడో బావగారి ఫ్లాట్‌కి డౌన్ పేమెంట్ అయిపోయింది. ఫ్లాట్ కాగితాల్లో ఆమె పేరు ఉండదు. ఇటు పొలం కాగితాల్లో ఉన్న హక్కేమో ఆ సంతకంతో పోతుంది.