ఆకలి పాపం కాదు

జిమ్ ట్రైనర్ వాట్సాప్‌లో పంపిన డైట్ చార్టును వాక్యం కన్నా శ్రద్ధగా పాటిస్తున్నాం. రోజుకు 1200 క్యాలరీలే, అన్నం ముట్టకూడదు, ఆకలేస్తే నీళ్లు తాగాలి. కళ్లు తిరుగుతున్నా క్రమశిక్షణ అంటున్నాం. దేహం చెప్పే సాక్ష్యాన్ని అబద్ధం చేయడం క్రమశిక్షణా?

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల తిండిని ఆరు నెలలు దాదాపు సగానికి తగ్గించాడు. మనస్సాక్షి కోసం ఆయుధం పట్టనన్నవాళ్లు వాళ్లు. మనోబలానికి కొదవ లేదు. అయినా నీరసం, చలి, దిగులు పట్టుకున్నాయి. ధ్యాసంతా తిండి మీదే. వాళ్లకు దొరికింది సుమారు 1600 క్యాలరీలు!

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు.

ఉపవాసం మాటేమిటంటారా? అది దేవుని కోసం, అద్దం కోసం కాదు. తిండిపోతుతనం మాటేమిటి? కడుపు నిండిందని చెప్పేదీ ఈ దేహమే. ఆ మాటా విందాం. షుగర్, బీపీ ఉన్నవాళ్లం డాక్టరు చెప్పినట్టు తిందాం. ట్రైనర్ దగ్గర వ్యాయామం నేర్చుకుందాం. ఆకలిని మనలో పెట్టింది మాత్రం సృష్టికర్త. ఈ రాత్రి కృతజ్ఞతతో ప్రార్థించి అన్నం తిందాం. ఆమెన్.