మగ్గు మీద ఎవరి రైలు?

వచ్చే వేసవిలో మన ఇంటోళ్ళంతా హుబ్లిలో కలుస్తున్నాము కదా. వచ్చినవాళ్ళకు గుర్తుగా ఏదైనా ఇద్దామని మా చిన్నాయన కొడుకు ఒక కాఫీ మగ్గు నమూనా చేయించి గ్రూపులో ఫోటో పెట్టినాడు. తెల్ల మగ్గు, దాని మీద నల్లటి పొగబండి, కింద ఇంగ్లీషులో 'రైల్వే ఫ్యామిలీ' అని. అందరూ బాగుంది బాగుంది అన్నారు. నేనొక్కడినే వద్దన్నాను. ఎందుకో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినా, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా చదువు కన్నడ మీడియం. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది చూసినా 'ఉండాల్సింది ఏంది, ఉన్నది ఏంది' అని పోల్చడం అలవాటైపోయింది. ఆ బొమ్మను పెద్దది చేసి చూసినా. పొగగొట్టం గరాటు మాదిరి పైకి విప్పుకొని ఉంది, బాయిలర్ మీద గంట ఉంది. అది అమెరికా సినిమాల్లో కనిపించే పాతకాలం ఇంజను. మా జేజినాయన హుబ్లి వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా చేసినాడు. ఆయన అలాంటిది ఒక్కరోజు కూడా చూసి ఉండడు. ఆ కాలంలో హుబ్లి నుంచి గుంతకల్లుకు పోయే దారి మీటరు గేజి. రెండు పట్టాల నడుమ సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. మన దేశంలో ఆ గేజి మీద నడిచిన వైపీ, వైజీ ఇంజన్లలో చాలా వాటిని జంషెడ్‌పూర్‌లో టెల్కో వాళ్ళు కట్టినారు. ఏ బొమ్మ ఇచ్చినా మగ్గు ప్రింటుకు రేటు ఒకటే అయినప్పుడు, మనది కాని రైలు ఎందుకు?

"మగ్గే కదన్నా, ఇంత పట్టింపా?" అన్నాడు తమ్ముడు. వాని మాటలోనూ న్యాయం ఉంది. కానీ మన పిల్లలు కొందరు పూణేలో పుట్టినారు, కొందరు చెన్నైలో. హుబ్లి వర్క్‌షాపు గేటు వాళ్ళు చూసింది లేదు. వాళ్ళ బల్ల మీద రోజూ ఉండబోయేది ఆ మగ్గే. మనం అబద్ధం బొమ్మ ఇస్తే, వాళ్ళకు అదే మన కథ అయిపోతుంది.

అసలు మన కథ దానికన్నా బాగుంటుంది. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఒకే కంపెనీ అయినాయి. 1951లో అది సదరన్ రైల్వేలో కలిసింది. 1966లో సౌత్ సెంట్రల్ వచ్చింది, హుబ్లి డివిజను సికింద్రాబాద్ కిందికి పోయింది. 2003లో సౌత్ వెస్టర్న్ వచ్చి హుబ్లే హెడ్డాఫీసు అయింది. జేజినాయన సదరన్‌లో చేరి సౌత్ సెంట్రల్‌లో రిటైరైనాడు. చిన్నాయన సౌత్ సెంట్రల్‌లో చేరి సౌత్ వెస్టర్న్‌లో రిటైరైనాడు. ఇద్దరూ చేసింది ఒకే వర్క్‌షాపులో, పోయింది ఒకే గేటులో. రైల్వే పేర్లు మారినాయి గానీ మన ఇల్లు కదల్లేదు.

ఇంకో సంగతి. నాకు తెలుగు చదవడం ఏ బడిలోనూ రాలేదు, రైల్లో వచ్చింది. నా ఎనిమిదో ఏట జేజినాయనతో గుంతకల్లు పోతున్నాను. గదగ, కొప్పళ, హొసపేటె, బళ్ళారి బోర్డులన్నీ కన్నడలో గడగడా చదివినా. గుంతకల్లులో దిగినాక పసుపు బోర్డు ముందు నిలబెట్టి, "ఇదీ చదువు చూద్దాం" అన్నాడు. గ, ల మా బడి అక్షరాల మాదిరే ఉన్నాయి, తలకట్టు ఒక్కటే వేరు. త, క దగ్గర తడబడినా. ఆయన వేలితో గాలిలో రాసి చూపించినాడు. నేను చదివిన మొదటి తెలుగు మాట ఆ ఊరి పేరే.

అందుకే నేననేది, మగ్గు మీద ఇంజను బొమ్మకన్నా ఆ బోర్డు ఉండాలని. పసుపు మీద నల్ల అక్షరాలు. ఒక పక్క 'ಹುಬ್ಬಳ್ಳಿ' అని కన్నడలో, ఇంకో పక్క 'గుంతకల్లు' అని తెలుగులో. పిల్లోడు రోజూ పాలు తాగుతా మగ్గు తిప్పితే రెండు లిపులూ కండ్ల ముందు తిరుగుతాయి. ఇంజను కావాల్సిందే అంటే, మనవాళ్ళ చేతులు తగిలిన గేజిది, సరైన ఇంజను ఫోటో వెతికి ఇద్దాం.

ఒక టెస్టరుగా ఇంకొక మాట. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు వత్తులు విడిపోతాయి. 'ల్లు' పోయి 'ల్‌లు' పడుతుంది. డిజైన్ చేసేవాళ్ళకు తెలుగు రాకపోతే అది వాళ్ళకు కనపడదు. కాబట్టి అన్నీ ప్రింటు చేసేముందు ఒక్కటి చేయించి, తెలుగు బాగా వచ్చినవాళ్ళ చేత చదివించాల. ఆ పని మా అత్తకు అప్పగిస్తే మేలు. ఆమె కంటిని తప్పించుకున్న తప్పు ఇంతవరకు లేదు.

జేజినాయన టీ తాగిన మగ్గు ఇంకా మా ఇంట్లో ఉంది. తెల్ల ఎనామిల్, అంచుకు నీలం గీత, అడుగున రంగు లేచిపోయింది. దాని మీద ఏ రైలు బొమ్మా లేదు. పిడి పక్కన ఆయన వర్క్‌షాపు బిళ్ళ నంబరు మాత్రం గీసి ఉంది, వేరేవాళ్ళు తీసుకోకుండా. ఆ నంబరు కొత్త మగ్గు అడుగున వేయిస్తే ఎట్లుంటుంది? మీ ఇండ్లలో కూడా పాత బిళ్ళలు, పాసులు, వర్క్‌షాపు ఫోటోలు ఉంటాయి. ఆర్డరు ఇంకా ఇవ్వలేదు. ఈ నెలాఖరులోపల ఫోటో తీసి పంపండి, తమ్ముడిని నేను ఆపి పెడతాను.