ఆరోగ్యము: ఒంటరి వ్యాయామమా, తోడుతోనా?



వ్యాయామ మనగానే “ఇంటిపని చాలదా?” యను మాట మన యిండ్లలో వినవచ్చును. ఒకప్పు డా మాటలో నిజము లేకపోలేదు. గోదావరి సీమలో వడ్లు దంచునప్పుడు ఒకే రోటిచుట్టు ఇద్దరు నిలిచి, ఒకరి రోకలి లేచునప్పుడు మరియొకరి రోకలి పడునట్లు, పాటతో దంచెడివారు. తిరుగలికడను ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండెడివారు. బియ్యపుమిల్లులకు పేరుపడిన మండపేటలో నేడు రోకళ్లు మూలబడినవి. ఆ చాకిరి పోయినందులకు విచారింప నక్కరలేదు. కాని దానితోపాటు ఒంటి కదలికయు, చెంతనుండు తోడును పోయినవి. ఆ రెండింటిని మరల సంపాదించుకొనవలసి యున్నది.

తోడువలన లాభమేమి? జర్మనీ దేశపు ఓటో కోలర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, బెర్లిను నగరమున పడవపందెముల సంఘమువారితో చేసిన పరిశోధనను 1926లో ప్రకటించెను. వారు ఒంటరిగా నొక బరువును, జంటగా దానికి రెట్టింపు బరువును అలసిపోవువరకు ఎత్తిరి. జంటలో ఒకరు చేయి విడిచినచో రెండవవారు నిలుపలేరు. అట్టిచో బలము తక్కువైనవాడు తన ఒంటరి శక్తిని మించి శ్రమించెను. ఇద్దరి బలమును సమానమైనను, మిక్కిలి హెచ్చుతగ్గులున్నను ఈ లాభము తగ్గినది. కావున మీకంటె కొంచెము చురుకైన యామెను తోడుగా నెన్నుకొనుడు.

మన స్త్రీలకు మరియొక మేలు కలదు. వేకువను కాలువగట్టున ఒంటరిగా నడచుటకు జంకు ఇల్లాలు, ఇద్దరైనచో ధైర్యముగా వెడలును. పొరుగింటి వదినగారు వాకిట నిలిచి పిలిచినచో “రేపు చూతములే” యను సాకు చెల్లదు. మాటాడగలిగి, పాట పాడలేనంత వేగముగా నడచుట మధ్యమ వ్యాయామమని వైద్యులందురు. తోడున్నచో ఈ పరీక్ష తనంతట జరుగును. కబుర్లు పెరిగి కాళ్లు మందగించినచో మాత్రము అది వ్యాయామము కాదు, షికారు.

తోడునకు లోపమును కలదు. ఆమె యింటికి చుట్టములు వచ్చిన దినమున మీ నడకయు ఆగును. వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ వ్యాయామమును, కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు కసరత్తును పెద్దవారికి అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపినది. ఈ కసరత్తు ఒంటరిగా చేసికొనుటయే మేలు. గోడకు చేతులానించి ఒంటిని ముందునకు వంచి మరల వెనుకకు నెట్టుట, కుర్చీనుండి చేతులూతగొనక లేచి కూర్చుండుట, వీనికి గదియొక్కటి చాలును. మోకాలు నొచ్చినచో ఆగుటకు ఎవరి మొగమాటమును లేదు. గర్భిణులును, గుండెజబ్బు కలవారును వైద్యుని అడిగి మొదలిడవలెను.

శ్రీకాకుళపు సీమలో పుట్టిన కరణం మల్లేశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో రెండు విధముల కలిపి 240 కిలోలెత్తి, కాంస్యపతకము గొన్నది. ఒలింపిక్ పతకము నందిన భారతస్త్రీలలో ఆమెయే మొదటిది. ఆమె తోబుట్టువులును బరువులెత్తుట నేర్చినవారే. ఇంట తోడుండినను, వేదికపై బరువు నెత్తినది ఒంటరిగానే కదా!

ఇల్లాలి దినములో ప్రతి గడియకు ఎవరో యొకరు హక్కుదారులు. ఒక్క అరగంటనైన తనదనిపించుకొనుటకు తోడు ధైర్యమిచ్చును. ఆ తోడు అత్తగారైనను, కోడలైనను సరియే. ఆమె రాని ఉదయమున గూడ మీరు గడప దాటితిరేని, ఆ అరగంట నిజముగా మీదైనది.