ఇల్లు కాదు, ఇంట్లోవాళ్లు ముఖ్యం



మొంథా తుఫాను రేపు, అక్టోబర్ 28 మంగళవారం సాయంత్రం గానీ రాత్రి గానీ కాకినాడ దగ్గర్లో తీరం దాటవచ్చని వాతావరణ శాఖ చెబుతోంది. గంటకు 90 నుంచి 110 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయట.

కోనసీమ, నరసాపురం, కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లు మనలో చాలామంది. ఊళ్లో ఉన్నది ముసలి అమ్మానాన్నలు, చిన్నపిల్లలు. అధికారులొచ్చి షెల్టరుకు రమ్మంటే, "మా పిల్ల గల్ఫ్‌లో కష్టపడి కట్టిన ఇల్లు, వదిలి ఎలా వస్తాం?" అంటారు. వద్దు, బయల్దేరమని వాళ్లకు గట్టిగా చెప్పాల్సింది మనమే. మన మాటైతే వింటారు.

1977లో దివిసీమలో 10,000 మందికి పైగా పోయారు. గాలికంటే ఉప్పెనే ఎక్కువమందిని మింగింది.

ఆధార్, పాస్‌బుక్, మందులు సంచిలో పెట్టుకుని, పశువుల కట్లు విప్పి, వెలుతురుండగానే వెళ్లమనండి. కరెంటు, సిగ్నల్ పోవచ్చు. ఏ షెల్టరుకు వెళ్తున్నారో, పక్కవాళ్ల నంబరేంటో ఇప్పుడే రాసుకోండి. ఆపదొస్తే వాళ్లు 112కి గానీ 1070కి గానీ చేయాలి. పాత తుఫాను వీడియోలు పంపి భయపెట్టకండి.

డ్యూటీ దిగాక చేద్దాంలే అనుకోవద్దు. కువైట్‌లో రాత్రి తొమ్మిదిన్నరంటే ఊళ్లో అర్ధరాత్రి. ఇల్లు పోతే మళ్లీ కట్టుకుంటాం. ఇప్పుడే ఫోన్ చేయండి.