జడ్జీని కొనుక్కోగలిగితే లాయరెందుకు?

‘జడ్జీనే కొనుక్కోగలిగినప్పుడు లాయరుకు ఫీజెందుకు దండగ?’ కెన్యాలో ఒకప్పుడు జనం నోట నానిన జోకు ఇది. జోకే గానీ నవ్వొచ్చేది కాదు. 2003లో రింగేరా కమిటీ లెక్క తీస్తే అప్పీలు కోర్టులోని 9 మందిలో అయిదుగురి మీద, హైకోర్టులోని 36 మందిలో 18 మంది మీద ఆరోపణలు తేలాయి. కింది కోర్టుల్లో 82 మంది మేజిస్ట్రేట్లు సరేసరి. పేర్లు పేపర్లకెక్కాయి. రాజీనామా చేస్తారా, విచారణకు నిలబడతారా అని రెండు వారాల గడువిచ్చారు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘రాడికల్ సర్జరీ’.

ఆపరేషన్ సక్సెస్. మరి పేషెంటు?

ఖాళీ అయిన కుర్చీల్లోకి ఎవరొచ్చారన్న దగ్గరే కథ అడ్డం తిరిగింది. జడ్జీల నియామకం ఎప్పట్లాగే అధ్యక్షుడి చేతిలో ఉండిపోయింది. కొత్తవాళ్లు ఆయన మనుషులేనన్న అనుమానం నాటుకుంది. ఇటు ఆరోపణలొచ్చిన వారిలో కొందరు విచారణలో నెగ్గి తిరిగొచ్చారు. జస్టిస్ ఫిలిప్ వాకీ అలాంటివారే. ముందే పేర్లు బజారున పడేయడం ఏం న్యాయమో!

2007 డిసెంబరులో అధ్యక్ష ఎన్నికల ఫలితం మీద గొడవొచ్చింది. కోర్టుకెళ్లమంటే ప్రతిపక్షం ససేమిరా అంది. అక్కడ న్యాయం దొరకదన్నది వాళ్ల మాట. తగువు వీధికెక్కింది. చనిపోయినవారు 1,133 మందని తేల్చిన కమిషన్‌కు అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆ వాకీగారే. కోర్టులో లంచమంటే ఏ పొలం గట్టు తగాదాకో సంబంధించిన సంగతి అనుకుంటాం మనం.

అసలు మరమ్మతు 2010 రాజ్యాంగంతో మొదలైంది. ఇప్పుడు జడ్జీ పోస్టుకు ప్రకటన ఇస్తారు, అందరి ముందూ ఇంటర్వ్యూ చేస్తారు. పాతవాళ్లనూ ఒక్కొక్కరిగా వడబోశారు. ఆ బోర్డుకు ఛైర్మన్ శరద్ రావు అనే భారత సంతతి లాయరు. 2012 ఏప్రిల్‌లో తొలి విడతలోనే నలుగురు అప్పీలు జడ్జీలను పనికిరారని పక్కన పెట్టేశారు. 2017లో మళ్లీ ఎన్నికల గొడవ. ఈసారి ప్రతిపక్షం కోర్టుకే వెళ్లింది. సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు అధ్యక్షుడి ఎన్నికనే కొట్టేసింది. ఆఫ్రికాలో అలాంటి తీర్పు అదే మొదటిది.

అలాగని అక్కడ లంచం చచ్చిపోయిందనుకోకండి. సుప్రీంకోర్టు దాకా వెళ్లేదెందరు? మామూలు మనిషికి కోర్టంటే రికార్డు గదిలో గుమాస్తా. ఫైలు ‘కనబడకపోవడం’, చేయి తడిపితే ‘కనబడటం’... ఈ విద్య మనకూ కొత్తేం కాదు. 2020 జులై 1 నుంచి నైరోబీలో కేసులు ఆన్‌లైన్‌లోనే వేయమన్నారు. కంప్యూటర్లో ఉన్న ఫైలును బీరువా వెనక్కి తోయడం కాస్త కష్టమే. నెట్టు అందని పల్లెలో రైతు తన కేసెలా వేస్తాడో, వేసిపెట్టే దళారీ ఎంతడుగుతాడో అది వేరే లెక్క.