కారు బీమా.. ఊళ్లో ఏజెంటు దగ్గర కట్టాలా, ఆన్‌లైన్‌లోనా? సంతకానికి ముందు చూడాల్సినవి ఇవే

లక్సెట్టిపేటలో కారు బీమా గడువు దగ్గర పడితే చాలామంది ముందు రెండు దారులుంటాయి. ఒకటి, ఏటా ఇంటికొచ్చి కాగితాలు పట్టుకెళ్లే తెలిసిన ఏజెంటు. రెండోది, అంతకంటే తక్కువకే ఇస్తామంటూ ఫోన్ చేసే పెద్ద కంపెనీ. నిజామాబాద్ నుంచి జగ్‌దల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగానే పోతుంది. లారీల మధ్య నిత్యం కారు నడిపేవారికి ఏ దారి మేలన్నది చిన్న విషయం కాదు.

పాలసీ ఇచ్చేది ఎవరు?

ఏజెంటు దగ్గర కొన్నా, వెబ్‌సైట్‌లో కొన్నా పాలసీ ఇచ్చేది, పరిహారం చెల్లించేది బీమా కంపెనీయే. క్లెయిమ్ ఒప్పుకొనే అధికారం ఏజెంటుకు ఉండదు. అతను చేయగలిగింది కాగితాలు సర్దడం, కంపెనీతో మాట్లాడటం. సాధారణంగా కంపెనీ ఏజెంటు తన కంపెనీ పాలసీనే అమ్ముతాడు. బ్రోకర్ సంస్థ తరఫున పనిచేసేవారు మాత్రం పలు కంపెనీల ధరలు చూపగలరు. అందుకే ‘మీరు ఎవరి తరఫున అమ్ముతున్నారు?’ అని మొదటే అడగాలి.

ధరలో తేడా ఎక్కడ వస్తుంది?

మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది లేకుండా తొలిసారి పట్టుబడితే రూ.2,000 జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఈ ప్రీమియాన్ని నిర్ణయించేది కేంద్రం కాబట్టి అన్ని కంపెనీల్లో ఒకటే ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ వరకు ఉన్న సొంత కార్లకు రూ.2,094, 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. దీనికి జీఎస్టీ అదనం.

బేరమంతా మన కారుకు జరిగే నష్టాన్ని భరించే ‘ఓన్ డ్యామేజ్’ భాగంలోనే. ఇక్కడ చూడాల్సింది ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ. మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపున్న కారుకు 40 శాతం తరుగు లెక్కిస్తారు. ప్రస్తుత ధర రూ.6 లక్షలైతే ఐడీవీ రూ.3.60 లక్షలు ఉండాలి. ఒకరు రూ.3 లక్షలే చూపి ప్రీమియం తగ్గిస్తే అది చౌక కాదు, కోత. రెండు ధరలు పోల్చేముందు రెండింటిలోనూ ఐడీవీ, అదనపు రక్షణలు ఒకటేనా అని చూడాలి.

వరద నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తే?

2022 జులైలో గోదావరి వరద మంచిర్యాల కాలనీలను ముంచెత్తింది. వరద నష్టం ఓన్ డ్యామేజ్ పాలసీలోకి వస్తుంది. కానీ నీళ్లలో ఆగిన కారును స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ కింద డబ్బు రావడం కష్టం. దానికి ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ విడిగా తీసుకోవాలి. నది పక్కన ఉండేవారు ఏజెంటునైనా, కాల్‌సెంటర్‌నైనా అడగాల్సిన ప్రశ్న ఇది.

ప్రమాదం జరిగిన రోజు ఎవరు అండ?

ఏజెంటు విలువ తెలిసేది ఇక్కడే. ఫొటోలు, పోలీసు కాగితాలు, షెడ్డు ఎస్టిమేట్ సర్దడంలో తెలిసిన మనిషి ఉంటే ఊరట. అయితే గడువులు అందరికీ ఒకటే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి. 15 రోజుల్లో నివేదిక రావాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఆన్‌లైన్‌లో కొనేవారు మంచిర్యాల, కరీంనగర్‌లలో ఆ కంపెనీకి క్యాష్‌లెస్ గ్యారేజీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే రిపేరు ఖర్చు మొదట మన జేబులోంచే పెట్టాల్సి రావచ్చు.

ఏజెంటు దగ్గర కొనేటప్పుడు జాగ్రత్తలేంటి?

- డబ్బు ఏజెంటు సొంత ఫోన్‌పే నంబరుకు కాకుండా కంపెనీ లింకులోనే కట్టండి. ప్రీమియం అందకుండా కంపెనీకి బాధ్యత మొదలవదు. ఏజెంటు తీసుకున్న సొమ్మును 24 గంటల్లో కంపెనీకి చేర్చాలని బీమా చట్టమే చెబుతోంది.
- పాలసీలో మీ ఫోన్ నంబరే ఉండాలి. ఏజెంటు నంబరు ఉంటే రెన్యువల్ మెసేజ్‌లు, ఓటీపీలు మీకు రావు.
- నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరుగుతుంది. గతేడాది క్లెయిమ్ తీసుకుని కూడా ప్రీమియం తగ్గుతుందని ‘తీసుకోలేదు’ అని రాయిస్తే, రేపు క్లెయిమ్‌కే ఎసరు.
- ఈ బోనస్ బండిది కాదు, యజమానిది. సెకండ్ హ్యాండ్ కారు కొంటే 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్పించుకోండి.
- గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే కూడబెట్టిన బోనస్ పోతుంది.

క్లెయిమ్ ఆపేస్తే?

మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. తర్వాత ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్ లేదా 155255 నంబరు ఉన్నాయి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

చివరికి ఏది మేలు?

ఫోన్‌లో ధరలు పోల్చుకుని, కాగితాలు సొంతంగా అప్‌లోడ్ చేయగలిగేవారికి నేరుగా కంపెనీ దగ్గర కొనడం కలిసొస్తుంది. పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్లకు, అంత తీరిక లేనివారికి పిలిస్తే వచ్చే ఏజెంటుకు కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. అయితే అతను క్లెయిమ్ రోజున నిజంగా వస్తాడా అన్నది, ఊళ్లో ఇంతకుముందు అతని ద్వారా క్లెయిమ్ తీసుకున్నవారిని అడిగితే తెలుస్తుంది.